తాత బారతో సముద్రాన్ని కొలిచిన పిల్ల

కాకినాడ నుంచి ఉప్పాడ బీచ్ రోడ్డులో ఎప్పుడైనా వెళ్లారా? వెళ్తే కుడివైపు కిటికీ సీటు పట్టుకోండి. వాకలపూడి దగ్గర ఫ్యాక్టరీలు, లారీలు, లైట్‌హౌస్ అన్నీ అయిపోయాక, ఉన్నట్టుండి సముద్రం రోడ్డు పక్కకి వచ్చేస్తుంది. పక్కకి అంటే పక్కకే. పోటు మీదున్న రోజున అల లేచి రాళ్లకి కొట్టుకుంటే ఆ తుంపర బస్సు అద్దం మీద పడుతుంది. చిన్నప్పుడు ఆ తుంపర కోసమే కిటికీ సీటుకి కొట్టుకునేవాళ్లం. రీల్స్ తీసేవాళ్లకి ఇప్పుడు అదో స్పాట్. తుపాను వస్తే మాత్రం మొట్టమొదట మూసేసే రోడ్డు అదే.

డిసెంబర్‌లో మా పిన్ని ఫోన్ చేసింది. ఉప్పాడ దాటాక ఒక చిన్న మత్స్యకార గ్రామంలో హైస్కూల్ సైన్స్ టీచర్ తను. ఊరి పేరు రాయట్లేదు, పిల్లల గురించి చెప్తున్నా కాబట్టి.

"ఒరేయ్, శనివారం ఖాళీయేనా? మా పిల్లలు ఊరి సమస్యల మీద ఐడియాలు తయారు చేశారు. వచ్చి జడ్జిగా కూర్చో."

"నాకేం తెలుసు పిన్నీ ఊరి సమస్యల గురించి?"

"హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కదా, చాలు. పిల్లలకి చెప్పుకోడానికి బాగుంటుంది. వచ్చేటప్పుడు గొట్టం కాజాలు తే."

అలా కాజాల డబ్బాతో పాటు నేనూ వెళ్లా.

ఉప్పాడ అంటే చాలామందికి చీర గుర్తొస్తుంది. జాందానీ. రెండు వైపులా ఒకేలా కనిపించే బుటా. 2009లో జీఐ గుర్తింపు వచ్చింది. బస్సు ఊళ్లోకి వెళ్తుంటే ఇళ్లలోంచి మగ్గం చప్పుడు వినిపిస్తుంది. చీర కొనడానికి కార్లలో వచ్చినవాళ్లు సముద్రం దగ్గర ఫొటో దిగి వెళ్లిపోతారు. ఊళ్లో పెద్దవాళ్లని కదిపితే మాత్రం ఇంకో ఉప్పాడ చెప్తారు. "గుడి ఉండేది అక్కడ బాబూ" అని చెయ్యి చూపిస్తారు. ఆ చెయ్యి చూపించే చోట నీళ్లుంటాయి.

తుపాను వెళ్లిన మర్నాడు ఇక్కడ ఇసుకలో బంగారం వెతుకుతారు తెలుసా? వీడియోలు మీ ఫోన్లోకీ వచ్చే ఉంటాయి. ఆడవాళ్లు, పిల్లలు దువ్వెనలూ పుల్లలూ పట్టుకుని ఇసుక గీస్తుంటారు. పూసంత, గింజంత దొరుకుతుంటాయి. ఒకప్పుడు సముద్రంలో కలిసిపోయిన ఇళ్లవీ గుళ్లవీ అంటారు. చూసేవాళ్లకి అది వింత. కానీ ఆలోచిస్తే, ఎప్పుడో తీసుకెళ్లిన ఊరిని సముద్రం చిల్లరగా తిరిగిస్తోందన్నమాట.

స్కూల్ తీరానికి కాస్త దూరంగానే ఉంది. వరండాలో బెంచీలు జరిపి, వాటి మీద చార్టులు, థర్మాకోల్ ఇళ్లు, వైర్లు పెట్టారు. ఇందులో బాగున్న ఐడియాలని ఇన్‌స్పైర్ మానక్‌కి పంపాలని పిన్ని ప్లాన్. కేంద్ర ప్రభుత్వం నడిపే పథకం అది. ఐడియా ఎంపికైతే మోడల్ చేసుకోడానికి 10,000 రూపాయలు విద్యార్థి ఖాతాలోనే వేస్తారు. ఆ ఊళ్లో 10,000 అంటే చిన్న మాట కాదు. అందుకే పిల్లల కళ్లన్నీ మా ముగ్గురు జడ్జీల చేతుల్లో ఉన్న మార్కుల షీట్ల మీదే ఉన్నాయి. నాతో పాటు ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ గారు, కాకినాడ నుంచి వచ్చిన ఒక ఇంజినీరింగ్ లెక్చరర్. షీట్ మీద గడులు: వర్కింగ్ మోడల్ 10, కొత్తదనం 10, చెప్పిన తీరు 10, ఊరికి ఉపయోగం 10.

మొదట ఇద్దరు తొమ్మిదో తరగతి అబ్బాయిలు. చెయ్యి దగ్గర పెడితే దానంతటదే మూత తెరుచుకునే చెత్తబుట్ట. ఆర్డినో బోర్డు, అల్ట్రాసోనిక్ సెన్సార్, చిన్న మోటారు. యూట్యూబ్‌లో మీరూ చూసే ఉంటారు. కానీ వీళ్ల సోల్డరింగ్ చూస్తే ముచ్చటేసింది, ఒక్క వైరు కూడా వేలాడట్లేదు. మూత తెరుచుకున్నప్పుడల్లా చిన్న పిల్లలంతా చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం.

తర్వాత తెగిన నైలాన్ వల ముక్కలు ఏరి, బీర తీగకి పందిరిగా, కూరగాయల సంచిగా మార్చిన ఆడపిల్లలు. తర్వాత నేత ఇంటి నుంచి వచ్చిన ఏడో తరగతి బుడ్డోడు. వాళ్లది గుంట మగ్గం. రాత్రి వాన పడితే గుంటలో నీళ్లు ఊరతాయి, తెల్లారేసరికి మగ్గం కింద అంతా తడి. వాడు ఖాళీ వాటర్ బాటిల్‌కి పూజ గంట కట్టాడు. నీళ్లు చేరితే బాటిల్ తేలుతుంది, గంట మోగుతుంది. "ఖర్చెంతయింది?" అని అడిగాం. "గంట మా అమ్మదండి. తెలీకుండా తెచ్చాను" అన్నాడు. వరండా అంతా నవ్వులు.

ఆ తర్వాత వచ్చింది ఎనిమిదో తరగతి అమ్మాయి. చేతిలో మోడల్ లేదు. చార్ట్ లేదు. ఒక నీలం నైలాన్ తాడు చుట్ట, ఒక లాంగ్ నోట్‌బుక్.

"నా ఐడియా ఏంటంటేనండి, సంద్రం ఎంత దూరంలో ఉందో కొలిచి బోర్డు మీద రాయడమండి."

మేం ఎదురుచూశాం. ఇంకేదో వస్తుందని. అంతే, అయిపోయింది.

ఆ పిల్ల నోట్‌బుక్ తెరిచి చదివింది. రామాలయం అరుగు నుంచి ఆగస్టు పున్నమికి 26 బారలు. సెప్టెంబర్‌కి 25. అక్టోబర్‌కి 24. నవంబర్‌కి 19. డిసెంబర్‌కి 19న్నర.

"బారలేంటమ్మా? మీటర్లలో చెప్పాలి కదా" అన్నారు లెక్చరర్ గారు.

"మా తాత బారండి. వల తాడు అలాగే కొలుస్తారండి."

బార తెలుసు కదా మీకు? రెండు చేతులూ బారజాపితే ఈ చివర నుంచి ఆ చివరకి ఎంతో అంత. మనిషి మనిషికీ మారుతుంది. అదే నా అభ్యంతరం. షీట్ మీద చూశా. వర్కింగ్ మోడల్... తాడు. 2 వేశా. కొత్తదనం... పాపం ఏం వేయాలో అర్థం కాలేదు. అప్పుడు నేను అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్లు చచ్చిపోతుంది.

"బాగుందమ్మా, కానీ ఇందులో ఇన్నోవేషన్ ఏముంది?"

ఆ పిల్ల కాసేపు తాడు వైపు చూసింది. "ఏం లేదండి" అని కూర్చుంది.

ఫస్ట్ ప్రైజ్ చెత్తబుట్టకి. సెకండ్ వలలకి. గంట బుడ్డోడికి థర్డ్. అందరితో ఫొటోలు, కాజాలు. బారల పిల్లకి కన్సొలేషన్ పెన్ను. దాన్ని ఇచ్చింది కూడా నేనే.

సాయంత్రం బస్సుకి ఇంకా టైముందని పిన్నితో కలిసి ఒడ్డుకి నడిచా. పడవలు ఒడ్డుకి లాగి ఉన్నాయి. వలలు బాగుచేస్తూ నలుగురు కూర్చున్నారు. వాళ్ల మధ్య ఆ పిల్ల! యూనిఫాం మార్చుకుని, ఒక ముసలాయన పక్కన కూర్చుని దారం అందిస్తోంది. నన్ను చూసి లేచింది.

"ఎలా కొలుస్తావో చూపిస్తావా?" అని అడిగా. నిజం చెప్పాలంటే, పొద్దున్న నేనన్న మాట మీద చిన్న గిల్టీ ఫీలింగ్. అంతే. కుతూహలం అనుకునేరు.

తను పరిగెత్తి తాడు తెచ్చింది. తెచ్చి నేరుగా నీళ్లలో ముంచింది.

"ఎందుకు?"

"తడిస్తే తాడు పొడుగు మారిద్దండి. మొదటిసారి తడిసిన తాడుతో కొలిచాను. అందుకని ప్రతిసారీ తడిపే కొలుస్తాను."

నేను ఆగిపోయా.

"మరి ఎప్పుడు కొలుస్తావ్?"

"పున్నమి పోటప్పుడండి. పొద్దున్న ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటాది కదండీ సంద్రం. పోటు దిగాక ఇసుక మీద నాచు, పుల్లలు గీతలా మిగిలిపోతాయండి. ఆ గీత దాకా."

ఆ తాడులో ముడులు అన్నీ తాతవే. అంటే బార మనిషి మనిషికీ మారొచ్చు, ఈ తాడులో మాత్రం మారదు. ఒకే తాడు, ఒకే అరుగు, ఒకే తిథి, ఒకే తడి. ఆఫీసులో డేటా తేడా వస్తే మేం గంటలకొద్దీ మీటింగులు పెట్టుకునేది సరిగ్గా ఇలాంటి విషయాల మీదే. పిన్ని బ్యాగులోంచి కుట్టు టేపు తీసి రెండు ముడుల మధ్య కొలిచాం. ఒక మీటరు డెబ్బై. అంటే 19 బారలు సుమారు 32 మీటర్లు. దాన్ని మీటర్లలోకి మార్చడానికి నాకు పట్టింది ఒక్క నిమిషం. పొద్దున్న ఆ ఒక్క నిమిషం పెట్టలేదు.

"అసలు ఎందుకు మొదలుపెట్టావమ్మా?"

తను తాత వైపు చూసింది. ఆయనే చెప్పాడు, చేతిలో పని ఆపకుండా. వాళ్లది రేకుల ఇల్లు. రామాలయం పక్కనే. కొడుకు అప్పు తెచ్చి అదే స్థలంలో స్లాబు వేద్దామంటాడు. ముసలావిడ వద్దంటుంది, సంద్రం వచ్చేస్తోంది అని. కొడుకేమో "ఎక్కడొస్తోంది, నా చిన్నప్పటి నుంచీ అక్కడే ఉంది" అంటాడు. ఆగస్టులో ఇంట్లో రోజూ ఇదే గొడవ.

"ఇద్దరూ అరుసుకోడమే గానీ ఎవరూ కొలవలేదండి" అంది ఆ పిల్ల. "నేను కొలిస్తే తేలిపోద్ది కదా అనుకున్నాను."

అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వచ్చింది. ఊరంతా షెల్టర్‌కి వెళ్లారు. తిరిగొచ్చాక, కార్తీక పున్నమి రోజు, గుడి దగ్గర దీపాలు పెట్టాక తను తాడు తీసుకుని వెళ్లింది. 24 కాస్తా 19 అయింది. అప్పటికి రెండు నెలల్లో రెండే బారలు తగ్గిన ఒడ్డు, ఆ ఒక్క నెలలో అయిదు బారలు తగ్గింది.

"నాన్నకి చూపించావా?"

"చూపించానండి. ఏం మాట్లాడలేదండి. తెచ్చిన ఇటుకలు అలాగే ఉన్నాయి."

ఇంటి పక్కన నిజంగానే ఉన్నాయి ఇటుకలు. తాటాకు కప్పి. మీద ఒక కోడి కూర్చుని ఉంది.

ఇప్పుడు అర్థమైందా ఆ బోర్డు ఐడియా ఏంటో? ఇల్లు కట్టాలా వద్దా, కూతురి పెళ్లికి దాచిన డబ్బు గోడల్లో పెట్టాలా వద్దా అని ప్రతి ఇంట్లో ఎవరికి వాళ్లు అరుచుకుంటున్నారు. అందరికీ కనిపించేలా రామాలయం గోడ మీద నెలకో అంకె ఉంటే, కనీసం ఒకే అంకె మీద అరుచుకుంటారు. ఇదంతా తను పొద్దున్న చెప్పలేదు. చెప్పడానికి అయిదు నిమిషాలే ఇచ్చాం, అందులో మూడు నిమిషాలు బార గురించే వాదించాం.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫోన్లో చదవడం మొదలుపెట్టా. సముద్రం తీరాన్ని ఎందుకు కోస్తుంది అనేదానికి ఒక్క కారణం ఉండదు. మన తూర్పు తీరంలో నైరుతి గాలుల కాలంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంటుంది. దారిలో ఏ అడ్డు వచ్చినా ఇసుక అక్కడ ఆగిపోతుంది, ఉత్తరాన ఉన్న ఊరికి ఆ ఇసుక బాకీ పడుతుంది. కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ కూడా గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన దిబ్బే. రేవుకి అది పెట్టని గోడ. అదే గోదావరి ఇప్పుడు సముద్రంలోకి తెచ్చే మట్టి, ఎగువన ఆనకట్టలు వచ్చాక బాగా తగ్గిపోయింది. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి ఉపగ్రహ చిత్రాలు పోల్చి చూస్తే, దేశ ప్రధాన భూభాగపు తీరంలో దాదాపు మూడో వంతు కోతకి గురవుతోందని తేలింది. ఉప్పాడలో రాళ్లు వేశారు, ఇసుక నింపిన పెద్ద పెద్ద జియోట్యూబులు కూడా వేశారు. ఆ కట్టడాల్ని సముద్రం ఎలా చేసిందో రోడ్డు మీద వెళ్తుంటే మీకే కనిపిస్తుంది.

ఇంకోటి కూడా దొరికింది. శాండ్‌వాచ్ అని యునెస్కో కార్యక్రమం. 1999లో కరీబియన్ దీవుల్లో మొదలైంది. అక్కడి స్కూలు పిల్లలు ఏం చేస్తారో తెలుసా? కదలని ఒక చెట్టో గోడో చూసుకుని, అక్కడి నుంచి పోటు గీత దాకా టేపుతో కొలుస్తారు. మళ్లీ మళ్లీ, అదే చోట. తర్వాత ఊరివాళ్లకి చూపిస్తారు. అచ్చంగా అదే! ఆ పిల్ల దగ్గర ఫోన్ కూడా లేదు, ఎక్కడా చూసి నేర్చుకునే అవకాశమే లేదు. నేను మాత్రం "ఇన్నోవేషన్ ఏముంది" అని అడిగి కాజా తిన్నా.

ఆ రాత్రే పిన్నికి ఫోన్ చేసి, మార్కులు మార్చొచ్చా అని అడిగా.

"ప్రైజులు ఇచ్చేశాక మార్చితే ఆ చెత్తబుట్ట పిల్లల మొహం ఎలా చూడను? వాళ్లేం తప్పు చేశారు?" అంది. నిజమే. "నువ్వు బాధపడి ఉపయోగం లేదుగానీ, పెయింట్ డబ్బాకి డబ్బులు పంపు."

పంపా. 650 రూపాయలు. నా జీవితంలో చేసిన అతి చిన్న ఫోన్‌పే ట్రాన్స్‌ఫర్లలో అదొకటి.

అయితే గోడ మీద రాయడం అనుకున్నంత సులువు కాలేదట. గుడి గోడ మీద ఏంటీ రాతలు అని కొందరు పెద్దలు ఒప్పుకోలేదు. ఒకాయన అసలు సంగతి బయటపెట్టాడు: "సంద్రం దగ్గరకొస్తోందని గోడ మీద రాస్తే, రేపు మా స్థలాలు ఎవడు కొంటాడు?" అందులోనూ న్యాయం ఉంది, కాదనలేం. అమ్ముకోవాలన్నా ఆ స్థలమే కదా వాళ్లకున్నది. మా లాంటి వాళ్లం బస్సు దిగి, ఐడియా బాగుందని చప్పట్లు కొట్టి వెళ్లిపోతాం. అంకె రాశాక ఆ అంకెతో కాపురం చేయాల్సింది వాళ్లు. పిన్ని, ఆ పిల్ల కలిసి గ్రామ సచివాలయంలో ఒక కాగితం ఇచ్చారు. తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. ప్రస్తుతానికి అంతే.

చివరికి తాతే దారి చూపించాడు. ఒడ్డుకి లాగేసి, ఇక నీళ్లలోకి దించని పాత పడవ ఒకటుంది ఆయనది. దాని పక్కన రాసుకోమన్నాడు. పడవ ఆయనది కాబట్టి ఎవరూ అడగలేదు. వలలు బాగుచేసుకునే చోటు అదే, కాబట్టి మగాళ్లంతా రోజూ దాని ముందే కూర్చుంటారు. గుడి గోడ కంటే మంచి నోటీసు బోర్డు దొరికింది, నన్నడిగితే.

జనవరి 3, పుష్య పున్నమి. ఆ సాయంత్రం నేను హైదరాబాద్‌లో సంక్రాంతి బస్సు టికెట్ల కోసం యాప్ రిఫ్రెష్ చేస్తూ కూర్చున్నా. పిన్ని నుంచి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. పడవ పక్కన తెల్ల పెయింట్‌తో ఆరు అంకెలు, నెలల పేర్లతో. పెయింట్ కారి 9 కాస్తా సున్నాలా అయిపోయింది ఒకచోట. తాడు ఒక చివర ఆ పిల్ల పట్టుకుంది. రెండో చివర పట్టుకుని అరుగు దగ్గర నిలబడింది ఎవరా అని జూమ్ చేశా. చెత్తబుట్ట చేసిన ఇద్దరిలో ఒకడు. "వాడికి కొలతలంటే పిచ్చిలే" అని పిన్ని కింద రాసింది.

చివరి అంకె 20. అంటే డిసెంబర్ కంటే అర బార పెరిగింది.

వెంటనే ఫోన్ చేశా. "పిన్నీ, పెరిగిందేంటి? తప్పు కొలవలేదు కదా?"

"నేనూ అదే అడిగా. తుపాను తీసుకుపోయిన ఇసుకలో కొంత ప్రశాంతంగా ఉన్న నెలల్లో అదే తెచ్చి పడేస్తుంది, మా తాతకి తెలుసు అంది. పెరిగిందని రాయకపోతే తగ్గిందంటే ఎవరూ నమ్మరట."

"మరి వాళ్ల నాన్న ఏమన్నాడు? ఇటుకలు?"

"ఇవాళ పడవ దగ్గరకొచ్చి చాలాసేపు చూశాడు. వచ్చే ఆగస్టు అంకె కూడా చూశాక చెప్తానన్నాడు."

ఆగస్టు పున్నమికి లీవు పెట్టా. తాడు తడపడానికి ఒక మనిషి కావాలట.